గంగబాబు గారి నంబరు

ఆ పొద్దున కుండల కింద మంట పెట్టలేదు.

వెనక పాకలో నాలుగు కుండలూ బోర్లించినవి బోర్లించినట్టే చల్లగా ఉన్నాయి. రుబ్బి ఉంచిన బియ్యప్పిండి మీద నీళ్ళు తేటగా పైకి తేరుకున్నాయి. వీరాయమ్మా, ఆమెతో పనికొచ్చే ఆడవాళ్ళూ కొబ్బరి కమ్మలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. పూతరేకులు తీసే చేతులకి ఖాళీగా ఉండటం అలవాటు లేదు. ఒకామె తడిగుడ్డని మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం.

"మంట పెట్టమంటారా అమ్మా?" వీరాయమ్మ రెండోసారి అడిగింది.

"ఉండు వీరాయమ్మా. ముందు ఒక మాట తేలాలి," అంది విజయదుర్గ. పీట మీద కూర్చుందన్న మాటేగాని, చూపంతా వీధివైపు కొట్టుగది మీదే ఉంది.

సత్యశ్రీ కాఫీ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. "అక్కా, రాత్రి కూడా ఏమీ తినలేదు. ఇదైనా తాగండి."

"మీ ఆయన లేచేరా?"

సత్యశ్రీ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది. అక్క తన మరిదిని భాస్కరూ అనే పిలుస్తుంది, నువ్వు అనే అంటుంది. కన్నతల్లి కంటే ఎక్కువ చనువు. ఇవాళ 'మీ ఆయన' అయిపోయేడు, పైగా 'లేచేరా'. ఆత్రేయపురంలో మనిషికి నిజంగా కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది.

"కొట్టులో ఉన్నారక్కా. ఆయనా ఏమీ తినలేదు."

"నీకు తెలుసా సత్యశ్రీ?"

"ఒట్టు అక్కా! నిన్న మీరు చెప్తేనే తెలిసింది."

నిన్న సాయంత్రం కొట్టు ఫోను మోగితే విజయదుర్గే ఎత్తింది. అమలాపురంలో కొత్తగా కుదిరిన ఆడిటరు, హేమంత్. ఎత్తిందెవరో కూడా అడక్కుండా గబగబా చెప్పేసేడు. "గంగబాబు గారితో ఇందాకే మాట్లాడేనండి. ఎల్లుండి పదింటికి వస్తానన్నారు. డైరెక్టర్లు ఇద్దరూ ఆధారు, పాను అసలువి తెచ్చుకోవాలని మళ్ళీ ఓసారి గుర్తుచెయ్యండి. పాత డిజిటల్ సంతకానికి గడువైపోయింది. కొత్తది ఇవ్వాలంటే ఎవరికి వాళ్ళు కెమెరా ముందు కూర్చుని పేరు చెప్పాలండి. ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు కుదరదు." అని పెట్టేసేడు.

గంగబాబు విజయదుర్గ భర్త. ఆయన పోయి మూడేళ్ళు దాటింది.

విజయదుర్గ కాఫీ ముట్టుకోకుండానే లేచింది. కొంగు నడుముకి దోపుకుని పెరడు దాటింది. సత్యశ్రీ వెనకాలే నడిచింది.

కొట్టుగదిలో గోడల పొడుగునా అట్టడబ్బాలు. ప్రతి డబ్బా మీదా 'సూరమ్మ స్వీట్స్ ప్రైవేట్ లిమిటెడ్' అని ఎర్ర అక్షరాలు. ఆ ప్రైవేట్ లిమిటెడ్ గంగబాబు సరదా. రేకులు చుట్టుకునే కొంపకి కంపెనీ ఎందుకురా అని ఊళ్ళో వాళ్ళు నవ్వితే, "డబ్బా మీద ఆ రెండు మాటలుంటే హైదరాబాదువాడు అండీ అని పిలుస్తాడు" అనేవాడు. ఇప్పుడు ఆ డబ్బాల పైన ఫోటోలో ఉన్నాడు, చందనం దండ వేసుకుని. ఫోటో కింద భాస్కర్ కూర్చున్నాడు, తల ఎత్తకుండా.

"ఆ ఫోను ఎక్కడుందండీ?" అంది విజయదుర్గ.

"వదినా, కూర్చోండి. చెప్తాను."

"నేను కూర్చోడానికి రాలేదండి. ఫోను ఇవ్వండి."

భాస్కర్ సొరుగు లాగేడు. రబ్బరుబ్యాండు వేసిన బటన్ల ఫోను, పక్కనే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క. రెండూ బల్ల మీద పెట్టేడు.

"నంబరు ఆయనదేనా?"

"ఆయ్."

"దీన్లో?" పెన్‌డ్రైవ్ లాంటిదాన్ని వేలితో కూడా తాకకుండా అడిగింది.

"అన్నయ్య సంతకం. కంప్యూటర్లో పెట్టేది. కంపెనీ అన్నాక ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి వదినా. అన్నయ్యా నేనూ. అన్నయ్య పోయేరని ఎవరికీ తెలియపరచలేదు. ఏటా కట్టే కాగితాల్లో ఆయన సంతకం పడుతూనే ఉంది."

"ఎవరు పెట్టేరు?"

భాస్కర్ సొరుగు మూసేడు. వీధిలో లూనా మీద చేపలవాడు కేకేసుకుంటూ పోయేడు.

విజయదుర్గ ఫోను చేతిలోకి తీసుకుంది. "ఆ కొత్తలో ఈ నంబరుకి రోజూ చేసేదాన్ని. తెలుసా మీకు? స్విచ్చాఫ్ అని చెప్పేది ఆ ఆడమనిషి. కర్మలయ్యే దాకా చేసేను. ఆ తర్వాత ఇంక పిచ్చిదాన్నయిపోతానని మానేసేను. ఇంకో వారం మానకుండా చేసుంటే మీరు ఎత్తుండేవారు కదండీ. నాతో కూడా గంగబాబునే అనుండేవారేమో!"

"అంత మాట అనకండి వదినా!" భాస్కర్ తల ఎత్తేడు. "కావాలని మొదలెట్టింది కాదు. బ్యాంకు వాళ్ళ నంబరేదో వస్తుందని సిమ్ము ఈ ఫోన్లో వేసేను. వెయ్యగానే మోగింది. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దాయన. గంగబాబు గారేనా అన్నాడు. ఆయ్ అన్నాను."

"ఎందుకన్నారు?"

"ఎందుకేంటి వదినా, ఎవరేం అడిగినా ముందు ఆయ్ అనేసే నోరు మనది! అనేసేక, కాదండీ, ఆయన తమ్ముణ్ణండీ అందామనుకున్నాను. ఆయన ఆపితేనా! కూతురి పెళ్ళంట. తాంబూలంతో పాటు రేకుల డబ్బా ఇవ్వాలంట. మీ మాట మీద ఉన్నానండి గంగబాబు గారూ, మీరుంటే నాకు బెంగలేదండి, అని పెట్టేసేడు. మళ్ళీ చేసి ఆయన లేరండి అని చెప్దామని నంబరు నొక్కేను. నా వల్ల కాలేదు. డబ్బాలు పంపించేసేను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకొకరు. ఒకసారి అన్నాక రెండోసారి కాదనడం ఎలాగ?"

నిజానికి ఇద్దరన్నదమ్ములవీ ఒకటే గొంతు. పెళ్ళయిన కొత్తలో విజయదుర్గ కూడా గోడ అవతలి నుంచి ఎవరు పిలిచేరో పోల్చుకోలేక తికమకపడేది. భాస్కర్ పిలుస్తున్నాడనుకుని కదలకుండా కూర్చుంటే, గంగబాబు లోపలికొచ్చి, "మహారాణి గారికి మా మాట వినపడలేదా అండీ?" అనేవాడు. అది గుర్తొచ్చి ఆమె కళ్ళు చెమర్చాయి. కోపంగా ఉన్నప్పుడు ఏడుపు రావడం ఆమెకి బొత్తిగా ఇష్టం ఉండదు. మొహం వీధివైపు తిప్పుకుంది.

"పోనీ ఫోను నోరు జారింది అనుకుందాం. సంతకం కూడా నోరు జారిందా అండీ?"

"ఆ పాపం నాది. వాణ్ణేవనకు."

గుమ్మంలో సూరమ్మ నిలబడి ఉంది. తలుపు చెక్క పట్టుకుని, గది లోపలికి అడుగుపెట్టకుండా.

"అత్తయ్య గారూ, మీకు తెలుసా?"

"నాకు తెలీకుండా ఈ కొట్లో ఏం జరుగుతాదే అమ్మాయ్? రోజంతా ఇక్కడే కదా నేను కూచునేది. నువ్వు వెనకాల పొయ్యిల దగ్గర ఉంటావు." సూరమ్మ నెమ్మదిగా వచ్చి డబ్బాల కట్ట మీద కూర్చుంది. "ఆ పెళ్ళివారి ఫోనొచ్చిన రోజు నేనిక్కడే గోడకి జారబడి ఉన్నాను. అన్నం మానేసి ఎన్నాళ్ళో అయింది. ఆయ్, గంగబాబునండీ, అని ఈడు అంటంటే నా చెవిన పడింది. భాస్కరుగాడే అని తెలుసు. అంత మతి లేనిదాన్నేం కాదు. అయినా ఆ పేరు ఎవరో పిలవడం, ఈ గదిలోంచి పలకడం... లేచి వెళ్ళి అన్నం పెట్టమన్నాను. ఆ పూట నువ్వే పెట్టేవు, గుర్తుందా?"

విజయదుర్గకి గుర్తుంది. అత్తగారు తిన్నారని ఆ రోజు తను సంబరపడింది. ఎందుకు తిన్నారో ఇన్నాళ్ళకి తెలిసింది.

"ఆ తర్వాత కంపెనీ కాయితాల్లోంచి అన్నయ్య పేరు తీసెయ్యాలమ్మా అని ఈడొచ్చి అడిగేడు. నా ఒంట్లో ఊపిరుండగా తీడానికి వీల్లేదన్నాను. రేషన్ కార్డులోంచి తీసేసేరు, ఓట్లలోంచి తీసేసేరు. ఇదొక్కటైనా ఉండనియ్యరా అన్నాను. అంతే."

"అంతేనా అత్తయ్య గారూ?"

"వదినా, పేరు తీయించడానికి నేనూ వెళ్ళేను," అన్నాడు భాస్కర్. "మరణ ధ్రువపత్రం జత చేస్తే అయిపోయే పని. ఆయన బదులు మిమ్మల్ని డైరెక్టరుగా పెట్టమని పాత ఆడిటరు గారు కూడా చెప్పేరు. ఆ కాగితం జేబులో పెట్టుకుని కొత్తపేట వెళ్ళడం, ఆయన గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చెయ్యడం. అలా ఎన్నిసార్లు తిరిగేనో నాకే తెలీదు. అది ఆయన చేతిలో పెడితే అన్నయ్యని నేనే పంపించేసినట్టు అనిపించేది. తర్వాత ఆ పాత ఆడిటరు గారు పని మానేసేరు. ఈ కొత్తాయన చెయ్యనే చేసేడు ఆ నంబరుకి. డైరెక్టరు గంగబాబు గారేనా అండీ అన్నాడు."

"ఆయ్ అన్నారు."

"ఆయ్ అన్నాను."

ఇంకొకప్పుడైతే ఆ జవాబుకి అందరూ పడీపడీ నవ్వుకుందురు. సత్యశ్రీ భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"చచ్చిపోయిన మనిషి సంతకం పెట్టడం తప్పు కాదా అండీ? పోలీసు కేసవ్వదూ? పిల్లల మొహమైనా చూసేరా మీరు?"

"నువ్వు కాసేపు ఊరుకో సత్యా."

"ఊరుకుని ఊరుకునే ఇంతదాకా వచ్చింది!"

"అరవకండర్రా," అంది సూరమ్మ. కొడుకు మొహంకేసి ఎగాదిగా చూసి, మెల్లిగా అంది. "ఇద్దరివీ ఒకటే ముక్కు, ఒకటే నుదురు. ఈడు ఆ కళ్ళద్దాలు తీసేసి, మీసం కాస్త పల్చగా..."

"అత్తయ్య గారూ!"

విజయదుర్గ గొంతు అలా లేవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. పెరటి చివర పాకలో మాటలు కూడా ఆగిపోయేయి.

"పసుపూ కుంకాలు తుడిచింది నాకు. ఊళ్ళో ప్రతి పేరంటానికీ ఇంట్లో ఉండిపోయింది నేను. ఆయన లేరని లోకమంతా వేలెత్తి చూపించింది నన్ను ఒక్కదాన్నే. ఇక్కడ కాగితాల్లో మాత్రం ఆయన బతికే ఉన్నారు! ఫోన్లో పలుకుతున్నారు, సంతకాలు పెడుతున్నారు, మీరు విని అన్నం తింటున్నారు. ఆ సంగతి నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు ఆకలి వెయ్యదా అత్తయ్య గారూ?"

సూరమ్మ కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసుకుంది.

భాస్కర్ లేచి నిలబడ్డాడు. వదిన కాళ్ళ మీద పడాలనుందో, ఇంట్లోంచి బయటికి పోవాలనుందో అతనికే తెలియలేదు. ఏదీ చేయకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. విజయదుర్గ కొంగుతో మొహం తుడుచుకుంది. చూసేవాళ్ళకి ఎవరి మీద జాలి వేస్తుందంటే చెప్పడం కష్టం.

అప్పుడే ఆ ఫోను మోగింది.

ఆమె చేతిలోనే మోగింది. పాత సినిమా పాట తాలూకు ట్యూను. గంగబాబు ఉన్నప్పుడూ అదే. భాస్కర్ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చి సగంలో ఆగిపోయింది.

"ఆ ఆడిటరే," అన్నాడు నంబరు చూసి.

"ఎత్తకండక్కా. మోగి మోగి ఆగిపోతుంది," అంది సత్యశ్రీ.

విజయదుర్గ ఎత్తింది. అందరికీ వినపడేలా స్పీకరు బటన్ నొక్కి బల్ల మీద పెట్టింది.

"నమస్కారమండి. గంగబాబు గారేనా?"

"కాదండి," అంది విజయదుర్గ. "నేను ఆయన భార్యనండి. విజయదుర్గని. ఆయన లేరండి."

"బయటికెళ్ళేరా? వచ్చేక ఓసారి చెయ్యమనండి. రేపటి సంగతి..."

"బయటికి కాదండి. ఆయన పోయేరండి."

ఆ మాట ఆమె ఇంతవరకూ తన నోటితో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఊళ్ళో చెప్పింది వేరేవాళ్ళు, బంధువులకి ఫోన్లు చేసింది భాస్కర్. ఈ ఇంట్లో ఆ మాట పలకడం ఆమెకిదే మొదలు. పలికేక ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"అయ్యయ్యో!" హేమంత్ గొంతు నిజంగానే బెంబేలెత్తింది. "నిన్న సాయంత్రం కూడా నాతో నవ్వుతూ మాట్లాడేరు కదండీ! ఎప్పుడండీ? రాత్రా?"

ఎవరూ ఊహించని దారి ఒకటి ఎదురుగా తెరుచుకుంది. సత్యశ్రీ తోటికోడలి భుజం పట్టుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. రాత్రని చెప్పండక్కా, రాత్రని చెప్పండి. ఆయన నిన్న రాత్రే పోయినట్టయితే మూడేళ్ళ సంతకాలకీ తప్పులేదు. భాస్కర్ మీద మచ్చలేదు. కాసేపటికైనా.

విజయదుర్గ గోడ మీద ఫోటో వైపు చూసింది. ఆ మనిషిని ఇంకోసారి చంపడం ఆమె వల్ల అయ్యేది కాదు.

"ఇలా ఇవ్వండి వదినా," అని భాస్కర్ ముందుకి వంగేడు. "హలో, హేమంత్ గారూ."

అవతలి నుంచి భయం భయంగా, "గంగబాబు గారూ? మీరేనా అండీ?"

సూరమ్మ తలెత్తి కొడుకు నోటివైపు చూసింది. మూడేళ్ళుగా ఈ గదిలో ఆ ప్రశ్నకి వచ్చిన జవాబు ఒక్కటే.

"కాదండి," అన్నాడు భాస్కర్. "నేను భాస్కర్‌నండి, తమ్ముణ్ణి. నిన్న మీతో మాట్లాడింది కూడా నేనే. అన్నయ్య పోయి మూడేళ్ళు దాటిందండి."

సూరమ్మ చప్పుడు చేయకుండా ఏడుస్తోంది. చందనం దండ వేసిన రోజు కూడా ఆవిడ ఇంతగా ఏడవలేదు.

ఈసారి హేమంత్ గొంతులో తొందర లేదు. "భాస్కర్ గారూ, ఫోన్లో మాట్లాడేది కాదిది. ఆయన పేరు మీద పడిన సంతకాలన్నీ నేను చూడాలి. నేను దాచలేను, దాచమని మీరూ అడక్కండి. ఎంతలో తేలుతుందో ఇప్పుడే చెప్పలేను. చాలావరకు మీ వదిన గారి మీద ఉంటుందండి. ఆయన తర్వాత ఆయన భాగానికి హక్కుదారు ఆవిడే కదా. ఆవిడకి తెలియకుండా చేస్తే ఆవిడని కూడా మోసం చేసినట్టు. తెలిసి, ఇంట్లో అందరూ అనుకునే చేస్తే ఇంకో రకం. ఆవిడ అక్కడే ఉన్నారా?"

"ఉన్నానండి."

"అమ్మా, ఏమీ అనుకోకండి. అడగక తప్పదు. ఇదంతా మీకు తెలిసే జరిగిందా అండీ?"

భాస్కర్ కళ్ళు మూసుకున్నాడు. నిజం చెప్పమనే అతని మనసులో ఉంది. అందులో దాపరికం లేదు. సత్యశ్రీ భర్త చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సూరమ్మ కోడలి వైపు చూడలేక నేల చూపులు చూస్తోంది.

విజయదుర్గకి నిన్న సాయంత్రం నుంచీ కడుపులో ఉన్న కోపమంతా అలాగే ఉంది. ఒక్క పిసరు తగ్గలేదు. అయినా ఎదురుగా, ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆడిటరు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు.

"ఆయ్," అంది.

అవతల హేమంత్ నిట్టూర్చిన చప్పుడు వినపడింది. "అలాగైతే రేపు మీరు కూడా రావాలండి. కెమెరా సంగతి తర్వాత. ముందు ఆ మాట నా ఎదురుగా కూర్చుని చెప్పాలి." ఫోను కట్టయింది.

"ఎందుకన్నారు వదినా అలాగ?" అన్నాడు భాస్కర్. "మీకేం తెలుసని! నా నెత్తిన పోయేదానికి మీరెందుకు..."

"నువ్వెందుకన్నావో నేనూ అందుకే అన్నాను," అంది విజయదుర్గ.

నువ్వు అంది. భాస్కర్ ఆ మాట విని కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లాడిలా రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

సత్యశ్రీ మాత్రం ఏడవలేదు. బల్ల మీద ఫోనుకేసి చూస్తూ నెమ్మదిగా అంది. "అక్కా, తెలుసన్నారు. రేపు ఆయన అసలు కాగితాలు ముందు పెట్టుకుని, ఎప్పట్నుంచి తెలుసమ్మా, మొదటి సంతకం పెట్టినప్పుడు మీరెక్కడున్నారు అని అడుగుతారు. ఏం చెప్తారు?"

విజయదుర్గ అత్తగారి వైపు చూసింది, అత్తగారు ఫోటో వైపు చూసింది.

పెరట్లోంచి వీరాయమ్మ మళ్ళీ కేకేసింది. "అమ్మా, పిండి పులిసిపోతోందండి. మంట పెట్టమంటారా, పారబోసెయ్యమంటారా?"